కొత్తగా వచ్చినవారు ఇరుగుపొరుగుగా మారేలా ఎత్తైన అపార్ట్‌మెంట్‌ను ఎలా రూపొందించాలి

హన్మకొండ, కాజీపేట, వరంగల్ ఒకే నగరంగా కలిసిపోయిన తరువాత ఇక్కడి అపార్ట్‌మెంట్లలో చేరుతున్న వారిలో చాలామంది ఈ ఊరిలో పుట్టినవారు కారు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన ఎన్‌ఐటీకి దేశం నలుమూలల నుంచి అధ్యాపకులు వస్తారు. కాజీపేట జంక్షన్‌కు రైల్వే ఉద్యోగులు బదిలీపై వస్తారు. మడికొండ ఐటీ కంపెనీలకు యువకులు, కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులోని కేరళ, కొరియా కంపెనీలకు ఇంజనీర్లు వస్తారు. పిల్లల చదువు కోసం ములుగు, భూపాలపల్లి, జనగామ పల్లెల నుంచి ఇల్లు మారినవారు, గల్ఫ్‌లో పదిహేనేళ్ళు గడిపి తిరిగి వచ్చినవారు, పిల్లలు అమెరికాలో ఉండగా ఇక్కడ ఇద్దరే మిగిలిన పెద్దలు కూడా ఇదే లిఫ్ట్‌లో ఎక్కి దిగుతారు. వీరందరికీ గోడలు, తలుపులు, తాళాలు ఇవ్వడం మనకు బాగా వచ్చింది. ఇరుగుపొరుగును ఇవ్వడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

మీరు బిల్డర్ అయినా, భూమిని డెవలప్‌మెంట్‌కు ఇచ్చిన యజమాని అయినా, ప్లాన్ గీసే ఆర్కిటెక్ట్ అయినా, కొనబోయేవారంతా కలిసి ఏర్పరచుకున్న సంఘం అయినా, ఈ పద్ధతి మీ కోసమే రాస్తున్నాను. ఇందులో నేను పట్టుబట్టేది ఒక్కటే: ప్రతి ఉమ్మడి స్థలాన్నీ దాని పేరుతో కాక, అక్కడ నలుగురు కూర్చుని చేయగల పనితో కొలవండి. ప్లాన్‌పై ‘కమ్యూనిటీ హాల్’ అని రాసినంత మాత్రాన అక్కడ ఎవరూ కలవరు.

ముందుగా జనాన్ని రాసుకోండి, ఆ తరువాతే గీత గీయండి

స్థలం చూసిన రోజే ఒక కాగితంపై అక్కడికి రాగల కుటుంబాల జాబితా వేయండి. ఎంత మంది అద్దెకు ఉంటారు, ఎంత మంది సొంతంగా ఉంటారు, ఎవరు రాత్రి షిఫ్టులో పనిచేస్తారు, ఏ ఇంట్లో పగలంతా ముసలివారు ఒంటరిగా ఉంటారు, ఏ భాషలు వినిపిస్తాయి అన్నవి అందులో ఉండాలి. ఎన్‌ఐటీ పక్కన కట్టే భవనానికీ హంటర్ రోడ్డులో కట్టే భవనానికీ ఈ జాబితా ఒకేలా ఉండదు. చుట్టుపక్కల ఇప్పటికే నిండిన మూడు అపార్ట్‌మెంట్లకు వెళ్ళి వాచ్‌మన్‌తో అరగంట మాట్లాడితే ఏ సర్వే చెప్పనంత సంగతి తెలుస్తుంది. ఎవరు ఎవరింటికి వెళతారో, ఎవరు ఆరు నెలలకే ఖాళీ చేశారో, ఎందుకు చేశారో ఆయనకు తెలుసు.

తలుపులను చిన్న గుంపులుగా చేయండి

అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో విద్యార్థి కుటుంబాల నివాసాలపై జరిగి 1950లో వెలువడిన ఒక అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ మంచి దారి చూపుతుంది. ఒకే అంతస్తులో పక్క తలుపు వారిని తమ దగ్గరి స్నేహితులుగా చెప్పినవారు నూటికి 41 మంది కాగా, రెండు తలుపుల అవతలి వారి విషయంలో అది 22, అంతస్తు చివరివారి విషయంలో 10 మాత్రమే. అంటే ఉన్నవి కొన్ని అడుగులే అయినా, ఆ అడుగులే స్నేహాన్ని నిర్ణయించాయి. మెట్ల దగ్గర ఉన్న ఇళ్ళవారికి పై అంతస్తు స్నేహితులు ఎక్కువగా ఉండడం కూడా అదే అధ్యయనంలో కనిపించింది.

కాబట్టి పొడవైన కారిడార్‌కు ఇరువైపులా పద్నాలుగు తలుపులు పెట్టే ప్లాన్‌ను మొదటే పక్కన పెట్టండి. అది హోటల్‌కు పనికివచ్చే ప్లాన్. ఒక లిఫ్ట్ లాబీ చుట్టూ ఆరు తలుపులు, మరీ తప్పకపోతే ఎనిమిది, అంతకు మించకుండా చూడండి. ఆరు ఇళ్ళ పేర్లు కొత్తగా వచ్చిన మనిషికి వారంలో గుర్తుంటాయి. తలుపు తలుపుకు సరిగ్గా ఎదురుగా పెట్టకండి. తలుపు తీయగానే ఎదుటి ఇంటి సోఫా కనిపిస్తే ఇద్దరూ తలుపులు మూసుకునే బతుకుతారు. కొంచెం పక్కకు జరిపితే తలుపులు తెరిచి ఉంచే ధైర్యం వస్తుంది. ఇరుగుపొరుగు మొదలయ్యేది తెరిచి ఉన్న తలుపు దగ్గరే.

ప్రతి తలుపు ముందు కారిడార్ గీతకు లోపలివైపు నాలుగడుగుల లోతున ఒక చిన్న వాకిలి వదలండి. అక్కడ ముగ్గు వేయడానికి చోటు, చెప్పుల అర, పదహారు నుంచి పద్దెనిమిది అంగుళాల ఎత్తున ఒక అరుగు ఉండాలి. అరుగు పైన కరీంనగర్ గ్రానైట్ పలక వేస్తే నీడలో చల్లగా ఉంటుంది, దశాబ్దాలు నిలుస్తుంది. ఇది అలంకారం కాదు. మన పాత ఇళ్ళలో అరుగు ఇంటికీ వీధికీ నడుమ ఉండేది. లోపలికి రమ్మనకుండానే కూర్చోబెట్టి మాట్లాడే వీలు దానివల్ల కలిగేది. భాష సరిగా రాని కొత్త కోడలికి, మొహమాటపడే పొరుగు రాష్ట్రపు కుటుంబానికి అంతకంటే సులువైన మొదటి మెట్టు లేదు. అరుగును వాకిలి లోపలే ఉంచడానికి ఇంకొక కారణం అగ్నిమాపక నియమం. 15 మీటర్లు, ఆపై ఎత్తున్న భవనాన్ని జాతీయ భవన నిర్మాణ సంహిత 2016 ఎత్తైన భవనంగా లెక్కిస్తుంది. అటువంటి భవనంలో తప్పించుకునే దారిలో కుర్చీ, సైకిలు, పూలకుండీ ఏదీ అడ్డుగా ఉండకూడదు. చోటు ముందే వదిలితే జనం దారిని ఆక్రమించవలసిన అవసరం రాదు.

మూడంతస్తులకు ఒక ఉమ్మడి వాకిలి: సకినాల పరీక్ష

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు కాబట్టి కొంత విడమరచి చెబుతాను.

సంక్రాంతికి ముందు ఒక అపార్ట్‌మెంట్ ఏడో అంతస్తులో నేను చూసిన దృశ్యం ఇప్పటికీ నా కొలబద్ద. లిఫ్ట్ పక్కన అనుకోకుండా మిగిలిపోయిన ఒక మూలలో తెల్లని నూలు బట్ట పరిచి ఎనిమిది మంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. నానబెట్టిన బియ్యపు పిండిలో నువ్వులు, ఓమ, ఉప్పు కలిపి, ముద్దను వేళ్ళ మధ్య సన్నగా తిప్పుతూ బట్టపై చుట్టు మీద చుట్టు వేస్తున్నారు. బట్ట తడిని పీల్చుకునే దాకా ఆగితే గానీ సకినాన్ని నూనెలో వేయడానికి వీలుండదు. ఆ ఆగే సమయమంతా మాటలే. వారిలో ఒడిశా నుంచి వచ్చిన రైల్వే ఉద్యోగి భార్య ఒకరు ఉన్నారు. ఆమె వేసిన చుట్టు రెండుసార్లు తెగింది. పక్కన కూర్చున్న పెద్దావిడ మాట్లాడకుండా ఆమె బొటనవేలిని, చూపుడువేలిని పట్టుకుని తిప్పి చూపించారు. మూడోసారి చుట్టు నిలిచింది. ఆ ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

ఆ మూల ప్లాన్‌లో ఎవరూ ఉద్దేశించి వదిలినది కాదు. మీరు ఉద్దేశించి వదలండి. ఎనిమిది మంది, నడుమ బట్ట, పక్కనుంచి నడిచే దారి కలిపి మూడున్నర మీటర్లకు నాలుగున్నర మీటర్ల చోటు సరిపోతుంది. అది సుమారు 170 చదరపు అడుగులు. అంతస్తుకు ఆరు ఇళ్ళ చొప్పున మూడంతస్తులకు ఒకటి పెడితే పద్దెనిమిది ఇళ్ళకు పంచినప్పుడు ఇంటికి పది చదరపు అడుగులు కూడా పడదు. గాలి ఆడడానికి రెండంతస్తుల ఎత్తు వదిలితే ఆ లెక్క రెట్టింపవుతుంది. అయినా ఒక చిన్న బాత్‌రూమ్‌లో సగానికి మించదు. అమ్ముకునే చదరపు అడుగులు తగ్గుతాయని అభ్యంతరం చెప్పే భాగస్వామికి ఈ లెక్క కాగితంపై వేసి చూపండి.

ఆ చోటులో నల్లా, నీరు పోయే మోరీ, రెండు ప్లగ్ పాయింట్లు, గోడ వెంట అరుగు, రాత్రి చదువుకునేంత వెలుగు ఉండాలి. కింద తాండూరు బండను నునుపు పాలిష్ లేకుండా వేయండి, తడిసినా జారదు. పొయ్యి మాత్రం ఇక్కడ పెట్టనివ్వకండి, వేయించే పని ఎవరో ఒకరి వంటింట్లోనే జరగాలి. కనీసం రెండు ఇళ్ళ వంటింటి కిటికీలు ఈ వాకిలి వైపు తెరుచుకునేలా చూడండి. పిల్లలు అక్కడ ఆడుకుంటుంటే తల్లి కూర చూసుకుంటూనే ఒక కన్ను వేసి ఉంచగలగాలి. ఎవరి చూపూ పడని చోటు కొన్నాళ్ళకు పాత మంచాల గోదాము అవుతుంది.

దిక్కు కూడా తప్పకూడదు. మన వేసవిలో మధ్యాహ్నం దాటిన తరువాత పడమటి గోడ నిప్పులా కాగుతుంది. జనం బయట కూర్చునేది సాయంత్రం నాలుగు దాటాకే. వాకిలి తూర్పు వైపు ఉంటే అప్పటికి భవనం నీడే దానిపై పడుతుంది. పడమర వైపు మెట్లు, లిఫ్ట్, డక్టులు పెట్టి ఎండకు అడ్డుగా వాడుకోండి. సికింద్రాబాద్‌లో పుట్టిన ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా ముంబైలో 1983లో పూర్తయిన కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్స్‌లో, 28 అంతస్తుల ఎత్తులో కూడా పాత బంగళాల వరండాను రెండంతస్తుల ఎత్తున్న తోట వాకిళ్ళుగా మార్చి ఎండ, వాన రెండింటినీ ఆపారు. అది సంపన్నుల భవనం, ఆ వాకిళ్ళు సొంతానివి. మనం అదే ఉపాయాన్ని ఉమ్మడికి వాడుకుంటున్నాం. పిట్టగోడ నాలుగడుగులకు తగ్గకూడదు, పిల్లలు కాలు పెట్టి ఎక్కే అడ్డ కమ్మీలు ఉండకూడదు. హన్మకొండలో కోతుల బెడద తెలిసినదే కాబట్టి పైభాగానికి జాలీ కూడా ముందే లెక్కలో వేసుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో 1950ల నడుమ 11 అంతస్తుల భవనాలు 33 కట్టి, మూడంతస్తులకు ఒకచోట ఉమ్మడి వరండాలు పెట్టారు. ప్రూయిట్-ఐగోగా పేరుపడిన ఆ సముదాయాన్ని 1972లో కూల్చడం మొదలుపెట్టారు. ఆ లిఫ్టులు ఒకటి, నాలుగు, ఏడు, పది అంతస్తుల్లోనే ఆగేవి. మిగిలిన అంతస్తులవారు ఇష్టం ఉన్నా లేకున్నా ఆ వరండాల గుండా, చీకటి మెట్ల గుండా నడవవలసి వచ్చింది. నిర్వహణ ఖర్చు అద్దెల మీదే ఆధారపడింది. నగర జనాభా తగ్గి ఇళ్ళు ఖాళీ అవుతున్న కొద్దీ మరమ్మతులు ఆగిపోయాయి. దీని నుంచి మీరు రెండు సంగతులు తీసుకోండి. లిఫ్ట్ ప్రతి అంతస్తులోనూ ఆగాలి, వాకిలికి రావడం ఇష్టంతో జరగాలి. రెండవది, ఆ వాకిలి దీపానికి, ఊడ్చడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ప్లాన్ దశలోనే రాసిపెట్టాలి.

నేలమట్టం మొత్తం కార్లకు ఇవ్వకండి

కొన్నేళ్ళ క్రితం నేను ప్లాన్ గీసిన ఒక భవనంలో ఆరో అంతస్తులో ఒక పెద్దాయన చనిపోయారు. లిఫ్ట్‌లో స్ట్రెచర్ పట్టలేదు. కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించారు. కింద స్టిల్ట్, అంటే భవనం స్తంభాల నడుమ ఉండే నేలమట్టపు చోటు, అంతా కార్లే కావడంతో రెండు కార్ల నడుమ చాప వేసి పడుకోబెట్టారు. ఊరి నుంచి వచ్చిన బంధువులు బానెట్లకు ఆనుకుని నిలబడి ఏడ్చారు. ఆ లిఫ్ట్ కొలత వేసింది, ఆ పార్కింగ్ గీతలు గీసింది నేనే. ఆ తరువాత ఏ ప్లాన్‌లోనూ ఆ పని చేయలేదు.

అందుచేత ఉన్న లిఫ్టుల్లో ఒకటి స్ట్రెచర్ పట్టేదిగా, లోపల రెండు మీటర్లకు మించిన లోతుతో పెట్టండి. స్టిల్ట్‌లో, ప్రవేశం పక్కన, కనీసం మూడు నాలుగు కార్ల చోటును ఎప్పటికీ కార్లు రానివ్వని అరుగుగా వదిలి, నేలను ఆరంగుళాలు ఎత్తు చేయండి. కారు ఎక్కకుండా ఆ ఎత్తే కాపాడుతుంది. ఒక పక్క వీల్‌చెయిర్ కోసం వాలు ఉంచండి. సింగపూర్‌లో 1960లో ఏర్పడిన గృహనిర్మాణ మండలి తన ఎత్తైన భవనాల కింద నేలను ఇలాగే ఖాళీగా వదిలింది. అక్కడ మలయ్ జాతివారి పెళ్ళి విందులు, చీనీయుల అంత్యక్రియలు, ముసలివారి చదరంగం ఆటలు ఒకే చోట వేర్వేరు రోజుల్లో జరుగుతాయి. వేర్వేరు జాతులవారు ఒకరి సుఖదుఃఖాలను మరొకరు దారిలో నడుస్తూ చూడగలగడం ఆ ఖాళీ నేల వల్ల సాధ్యమైంది.

బయట ఖాళీ స్థలంలో బతుకమ్మ చోటును లెక్క కట్టి వదలండి. అరవై మంది ఒకే వరుసలో తిరిగితే, మనిషికి అరవై సెంటీమీటర్ల చొప్పున చుట్టుకొలత 36 మీటర్లు, అంటే వలయం అడ్డకొలత దాదాపు 11.5 మీటర్లు. చూసేవారితో కలిపి 15 మీటర్ల చతురస్రం కావాలి. దాని నడుమ ఫౌంటెన్, విగ్రహం, పూలమడి ఏదీ పెట్టకండి. నడుమ ఉండవలసినది బతుకమ్మలు. చుట్టూ అరుగు, ఒక మూల నల్లా, పక్కన కడగడానికి వీలైన గచ్చు ఉంటే గునుగు పూలకు రంగులు అద్దే పని కూడా అక్కడే జరుగుతుంది. పాట రాని కొత్తవారు తంగేడు కొమ్మలు తుంచడంలో, గునుగు కట్టలు కట్టడంలో కలిసిపోతారు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు వరుసగా ఒకే చోటికి రావడం ఏ పరిచయ సభా ఇవ్వలేని చనువును ఇస్తుంది. మిగిలిన రోజుల్లో అదే చోటు పిల్లల క్రికెట్‌కు, ఇఫ్తార్ విందుకు, ఓణం పూల ముగ్గుకు పనికివస్తుంది.

2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ హన్మకొండ నయీంనగర్ చుట్టుపక్కల నీరు ఎలా నిలిచిందో చూశాం కాబట్టి ఉమ్మడి హాలును, కరెంటు ప్యానెళ్ళను, జనరేటర్‌ను సెల్లార్‌లో పెట్టకండి.

వాచ్‌మన్ కుటుంబానికి మెట్ల కింద చీకటి కొట్టు కాక, ప్రవేశం వైపు కిటికీ, సొంత మరుగుదొడ్డి, వంటకు చోటు ఉన్న గది ఇవ్వండి. కొత్తవారు మొదట పేరు తెలుసుకునేది ఆయనదే. పాలు ఎక్కడ, నల్లా బాగుచేసేవారు ఎవరు, మలయాళం మాట్లాడే ఇల్లు ఏ అంతస్తులో ఉంది అని అడిగేదీ ఆయననే. పనివారికి వేరే లిఫ్ట్ పెట్టే ఆలోచనను దయచేసి విడిచిపెట్టండి.

క్లబ్ హౌస్ గురించి ఎక్కువ చెప్పను. పై అంతస్తులో పెట్టి తాళం వేసే హాలు కంటే కింద లిఫ్ట్‌కు వెళ్ళే దారి పక్కన, అద్దం తలుపుతో, ఉత్తరాల పెట్టెలు, పార్సిల్ అర ఉన్న చిన్న గది మేలు. రోజూ ఏదో ఒక పనిమీద అక్కడ ఆగవలసి వస్తుంది.

కాగితాలపై హక్కు రాయండి

2016 నాటి రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం ప్రకారం ఎక్కువమంది కొనుగోలుదారులు బుక్ చేసుకున్న మూడు నెలల్లో సంఘం ఏర్పడేలా ప్రమోటర్, అంటే కట్టి అమ్మేవారు, చూడాలి. మెట్లు, లిఫ్టులు, లాబీలు, టెర్రస్‌లు, ఉమ్మడి సౌకర్యాలు ఆ సంఘానికే బదలాయించాలి. మీ ఉమ్మడి వాకిళ్ళను, స్టిల్ట్‌లోని అరుగును మంజూరైన ప్లాన్‌లోనూ, అమ్మకం ఒప్పందంలోనూ ఉమ్మడి స్థలాలుగా పేరు పెట్టి చూపండి. అలా చూపని ఖాళీ చోటు తరువాత ఎవరి పార్కింగ్‌గానో మారడం నేను చాలాసార్లు చూశాను.

సంఘం నియమావళిలో మూడు మాటలు తప్పక ఉండాలి. మొదటిది, అద్దెకు ఉన్నవారికి ఉమ్మడి స్థలాల వాడకంపై, పండుగల ఏర్పాట్లపై ఓటు ఉంటుంది. బదిలీపై వచ్చినవారు ఎక్కువగా అద్దెవారే. వారిని సమావేశం బయట నిలబెట్టి సంఘం అని పేరు పెట్టుకోవడం అన్యాయం. రెండవది, తినే తిండిని, మతాన్ని, కులాన్ని, పెళ్ళి కాకపోవడాన్ని చూపి ఎవరికీ ఇల్లు నిరాకరించమని సంఘం ఎవరికీ చెప్పదు. వంట వాసనలకు జవాబు ప్లాన్‌లోనే ఉంది: ప్రతి వంటింటికీ టెర్రస్ దాకా వెళ్ళే పొగగొట్టం పెట్టండి. మూడవది, ప్రతి ఉమ్మడి వాకిలి దీపం, నీరు, ఊడ్పు ఖర్చు మెయింటెనెన్స్ లెక్కలో విడి పద్దుగా కనిపిస్తుంది. నోటీసులు తెలుగుతో పాటు హిందీ, ఉర్దూ, ఇంగ్లిష్‌లలో వేయించండి.

తాళాలు ఇచ్చిన తరువాత ఆరు నెలలు

ఇల్లు అప్పగించడంతో మీ పని పూర్తయిందని అనుకోకండి. ప్రతి మూడంతస్తుల గుంపుకు ఇద్దరిని, ఒకరు స్థానికులు, ఒకరు బయటి నుంచి వచ్చినవారు, బాధ్యులుగా ఉండమని అడగండి. కొత్త కుటుంబం సామాను దించిన రోజు మధ్యాహ్నం భోజనం ఆ గుంపు నుంచి వెళ్ళాలి. ఉపన్యాసాలు, పరిచయ సభలు పెట్టకండి. మామిడికాయలు రాగానే తొక్కు పెట్టడం, వినాయక చవితికి మట్టి విగ్రహం చేయడం, మేడారం జాతర నుంచి వచ్చినవారు తెచ్చిన బంగారాన్ని, అంటే ఆ బెల్లాన్ని, గడప గడపకూ పంచడం వంటి చేతి పనులనే ఎంచుకోండి.

ఏడాది తిరిగాక ఒక సాయంత్రం అయిదు గంటలకు టేపు, కాగితం పట్టుకుని భవనమంతా నడవండి. ప్లాస్టిక్ కుర్చీలు ఎక్కడికి జరిగాయో, ఏ అరుగు పలక వాడకంతో మెరుస్తోందో, ఏ మూలలో దుమ్ము పట్టిన సామాను చేరిందో గుర్తు పెట్టుకోండి. కుర్చీలు జరిగిన చోట అరుగు కట్టండి. సామాను చేరిన చోట దీపం వేయండి, అక్కడికి చూపు చేరేలా కిటికీ తెరవండి, లేదా నల్లాను అక్కడికి మార్చండి. ఆ కాగితాన్ని దాచి తరువాతి భవనం ప్లాన్ మొదలుపెట్టే రోజు బల్లపై ముందుగా దాన్నే పరచండి.